పైపు మీద దెబ్బ

ఇంటి పక్కన గ్యాస్ కోసం రిగ్గు దిగిన రోజు నుంచి దీనమ్మ ఎంత అరిచినా మొగుడికి వినపడేది కాదు. ఆ హోరులో ఇనుము మోత ఒక్కటే వినపడేది. అందుకే అన్నం వేళకు ఆమె గరిటెతో కంచాన్ని కొట్టేది. రిగ్గు అవతల చెలకలో ఉన్న యేసుపాదం బోరు పైపును పారతో కొట్టి బదులిచ్చేవాడు. రెండు దెబ్బలైతే వస్తున్నట్టు. ఒక్కటైతే పని తెమల్లేదు, అన్నం అక్కడికే తెమ్మన్నట్టు.

పోయిన నెల అతన్ని ఆ చెలక గట్టు మీదే పూడ్చారు.

ఈ సాయంత్రం కావలి మంగ్త్యా రిగ్గు గేటుకు తాళం వేసి వచ్చాడు.

"పని ఖతమైంది అక్కా. మిషన్ బంద్ వెట్టిన్రు. అందరం మిర్యాలగూడకు పోతున్నం. ఇయ్యాలన్న నిమ్మళంగ పండుకో."

నిమ్మళమెక్కడిది? ఏడాది హోరు ఒక్కసారిగా ఆగేసరికి ఇల్లు బావి అడుగులా అయిపోయింది. రాత్రి ఉండబట్టలేక, ఏదో ఒక చప్పుడు కోసం, దీనమ్మ కంచాన్ని గరిటెతో కొట్టింది.

చీకటి చెలకలో పైపు ఖంగుమంది.

రెండో దెబ్బ కోసం చూసింది. చాలాసేపు చూసింది.

తర్వాత అటక మీది టిఫిన్ డబ్బా కిందికి దించింది.

"తెస్తున్న, జర ఆగయ్యా."