రత్నంగారొస్తున్నారు

కారు డాష్‌బోర్డులో మిణుకుమిణుకుమంటున్న పసుపు బల్బుని యోబు పీకి జేబులో వేసుకున్నాడు.

“నిన్నట్నుంచీ కన్ను కొడుతోంది, సిగ్గులేకుండా!”

బల్బు పోయింది గానీ రోగం పోలేదు. యాక్సిలరేటర్ తొక్కితే కారు కదలకుండా దగ్గుతోంది. వదిలేస్తే ఆగిపోతోంది.

తెనాలిలో పాతికేళ్ళుగా యోబు చెయ్యి పడితే లేవని బండి లేదు. కార్బురేటర్ విప్పి ఒక్క ఊదు ఊదాడంటే చాలు. తీరా చూస్తే ఈ తొంభై ఎనిమిది మోడల్‌కి ఊదడానికి అసలు కార్బురేటరే లేదు! ఇకమీద వచ్చేవన్నీ ఇవేనట. ఇవి నేర్చుకోకపోతే షెడ్డుకి తాళం వేసుకోవడమే.

కారు కొల్లూరు పూర్ణచంద్రరావుగారిది, అరటితోటల ఆసామి. “రేపు మావాళ్ళనెవర్నైనా పంపిస్తా, బండి సంగతి తేల్చు” అని వదిలి వెళ్ళాడు.

యోబు పక్కనున్న పాండురంగ ఎస్టీడీ బూత్‌లోంచి విజయవాడలో కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేశాడు.

“అది సెన్సార్ గొడవలా ఉందండీ” అన్నాడు అవతలి మనిషి.

“సెన్సారు సినిమాలకి గదండీ?”

“ఇది వేరే అండీ. మీరు యాక్సిలరేటర్ ఎంత తొక్కారో ఇంజన్‌కి కబురు చేసేది. రేపు మా ఇంజనీరు రత్నంగారొస్తారు. బండీ చూస్తారు, మీ షెడ్డూ చూస్తారు. నచ్చితే ఒకరిని మద్రాసు ట్రైనింగుకి తీసుకుంటారు.”

ఒకరినంటే తను గాక ఇంకెవరు? మర్నాడు యోబు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ షెడ్డుకొచ్చాడు.

తొమ్మిదింటికి యాభై ఏళ్ళావిడొకరు గొడుగు ముడుస్తూ లోపలికొచ్చింది. నేత చీర, భుజాన గుడ్డసంచీ.

“యోబు షెడ్డు ఇదేనా బాబూ? కారు కోసం వచ్చాను.”

కొల్లూరువారి మనిషన్నమాట! యోబు స్టూలు తుడిచి వేశాడు.

“రండమ్మగారూ, ఎవరో ఒకరొస్తారని పెద్దాయన చెప్పార్లెండి.”

“చెప్పారుగా, మంచిది. ఏం చేస్తోంది బండి?”

“మీకు చెప్పినా అర్థం కాదండి. ఇంజనీరుగారొస్తున్నారు. ఆయన చూస్తేగానీ తేలదు.”

ఆవిడ ఏదో అనబోయింది. ఈలోగా రైలు కూత వినబడింది.

“అదిగో, వచ్చేశారు! ఒసే అన్నమ్మా, అమ్మగారికి టీ తెప్పించు!”

టిఫిన్ తెచ్చిన భార్యకి షెడ్డు అప్పజెప్పి యోబు స్టేషన్‌కి పరిగెత్తాడు.

ఒకటి కాదు, మూడు రైళ్ళు చూశాడు. సూట్‌కేసుతో దిగిన ఒకాయన్ని వదలకుండా పట్టుకుంటే ఆయన ఇన్సూరెన్సు ఏజెంటు. తర్వాత ఆయన యోబుని వదల్లేదు.

మధ్యాహ్నం ఉస్సూరంటూ తిరిగొస్తే, షెడ్డులోంచి వస్తున్న చప్పుడుకి యోబు గుండె ఆగినంత పనైంది. కారు దగ్గట్లేదు. కుట్టు మిషనులా ఒకే తీరుగా నడుస్తోంది.

“తీగె తెగిందయ్యా!” అన్నమ్మ మొహం వెలిగిపోతోంది. “సెన్సారుకి మూడు తీగెలున్నాయి. ఈ అక్క మెల్లగా తొక్కుతుంటే నేను మీటరు పట్టుకున్నా. అంకె కొంచెం కొంచెంగా పెరగాలంట. ఒక తీగె కదిపానో లేదో, ఠక్కున సున్నా! ఇనప పట్టీకి రాసుకుని లోపల తెగింది. కనిపెట్టింది నేనే! అతికించి టేపు చుట్టాం.”

“ఎవర్నడిగి ముట్టుకున్నావే?” యోబు తల పట్టుకున్నాడు. “రోగం తగ్గిపోతే డాక్టరొచ్చి ఏం చూస్తాడు? ఊరికే పిలిపించానని ఆయన నన్ను తిట్టడా? నా ట్రైనింగు ఏం కాను?”

“బాబూ, నేను...” అంటూ లేచింది ఆవిడ.

“మీరు పెద్దవారు, మిమ్మల్నేం అనను. అలా కూర్చోండి.”

యోబు టేపు ఊడదీసి అతుకు పీకేశాడు. ఇంజన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. అప్పటికి అతని మనసు కుదుటపడింది. బల్బు కూడా తీసి ఎక్కడిదక్కడ పెట్టేశాడు. ఇంజనీరుగారికి రోగం యథాతథంగా కనిపించాలిగా మరి!

ఆవిడ అతన్నే చూస్తూ అడిగింది.

“పీకావు సరే, ఆ తీగె ఎందుకు తెగిందో చూశావా నాయనా?”

“అది చూడ్డానికేగా ఇంజనీరుగారొచ్చేది!”

ఆవిడ నవ్వాపుకుని అన్నమ్మని పక్కకి పిలిచింది. ఏదో అడిగి, చిన్న పుస్తకంలో రాసుకుని, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

“ఏం రాసుకుందే?”

“నా పేరయ్యా. ఎంతవరకు చదివావంది. టెన్త్ అన్నాను.”

“ప్రార్థనలో పెడుతుందేమోలే. పెట్టనీ, నీకు అవసరమే.”

సాయంత్రం పాండురంగ బూత్‌లోంచి కేకేశాడు.

“యోబూ! విజయవాడ ఫోను!”

యోబు ఒక్క అంగలో వెళ్ళి రిసీవర్ అందుకున్నాడు.

“అయ్యా, వచ్చిన రైలల్లా చూశానండీ. రత్నంగారు రాలేదండి!”

“రాకపోవడమేంటండీ? ఆవిడ పొద్దున్నే బస్సులో మీ షెడ్డుకొచ్చారు. ఇప్పుడే రేపల్లె నుంచి మాట్లాడారు.”

“ఆవిడా?”

యోబు అక్కడున్న బల్లమీద కూలబడ్డాడు. పొద్దుట్నుంచీ ఆవిడతో అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా ఆశ చావక, గొంతు సవరించుకుని అడిగాడు.

“మరి... ట్రైనింగు సంగతి ఏమన్నా చెప్పారాండీ?”

“చెప్పారు, మీ షెడ్డు నుంచి మనిషిని తీసుకున్నారండి! రోగం పట్టుకునే చెయ్యి అని మరీ మరీ మెచ్చుకున్నారు.”

యోబు ప్రాణం లేచొచ్చింది.

“దేవుడికి స్తోత్రం! నేనెప్పుడు బయల్దేరాలండి?”

“మీరెక్కడికండీ?” అవతల కాగితం చప్పుడైంది. “సోమవారం రావాల్సింది కె. అన్నమ్మగారు.”