ముందున్న పిల్లవాడు

ఆ పిల్లవాణ్ణి పడగొట్టింది ఆంజనేయస్వామా, బత్తాయి తొక్కా? ఇన్నేళ్లయినా శ్రీకళకు తేలలేదు.

అప్పట్లో కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉండేది. రోడ్డంతా తొక్కలే. ఆ రోడ్డు మీదే కుర్రాళ్లకు సైకిల్ పోటీ పెట్టారు. గెలిచినవాణ్ణి పుణె దగ్గర శిక్షణ శిబిరానికి తీసుకుపోతామన్నారు. మార్కెట్ మలుపు దగ్గరికి వచ్చేసరికి శైలేందర్ ముందున్నాడు. బాలరాజ్ వెన్నంటే ఉన్నాడు. ఇద్దరూ ఒకే గల్లీ పిల్లలు, ఒకే తరగతి.

శ్రీకళ కళ్లు మూసుకుంది. ‘స్వామీ, ముందున్న పిల్లగాడు గెలవొద్దు. నీకు ఐదు కాయలు కొడ్త’ అని మొక్కుకుంది.

కళ్లు తెరిచేసరికి శైలేందర్ రోడ్డు మీద పడి ఉన్నాడు. మోచెయ్యి వంకర తిరిగిపోయింది.

బాలరాజ్ గెలిచాడు. ఆ సాయంత్రం పతకం మెడలో వేసుకుని ఇంటికి వచ్చి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. శ్రీకళ నోట దీవెన రాలేదు.

శైలేందర్ చేతికి కట్టుతోనే చైతన్యపురి కోచింగ్ సెంటర్‌లో చేరాడు. ఆ కట్టు కంటబడ్డప్పుడల్లా శ్రీకళ చూపు తిప్పుకునేది.

ఐదు కాయలు మాత్రం కొట్టలేదు. కొడితే, తన మాట మీదే దేవుడు ఆ పిల్లవాణ్ణి పడేశాడని ఒప్పుకున్నట్టు. కొట్టకపోతే దేవుడికి బాకీ పడ్డట్టు. ఇంతకూ ఇలాంటి కోరిక కూడా తీరుస్తాడా? తీరిస్తే ఆయన దేవుడెట్లా అవుతాడు? శనివారం గుడికి వెళ్లేది. ప్రదక్షిణలు చేసేది. తీర్థం పుచ్చుకుని తల వంచుకుని వచ్చేసేది.

మార్కెట్ అక్కణ్ణుంచి లేచిపోయింది. తొక్కలు పోయాయి. అనుమానం పోలేదు.

చెయ్యి కుదిరాక శైలేందర్ మళ్లీ సైకిలెక్కాడు. ఎక్కడెక్కడో తిరిగి, జీతమిచ్చి తొక్కించే జట్టులో చేరాడు. రోజుకో ఊరు చొప్పున దేశం మీద సాగే పెద్ద రేసులో ఇప్పుడు అందరికంటే ముందు అతనే. మొదటి ఏడు ఆ రేసును పట్టించుకున్న నాథుడు లేడు. ఈసారి విదేశీ జట్లు వచ్చాయి, టీవీలు వచ్చాయి. ఇవాళ ఆఖరి రోజు. ఎల్బీ నగర్, కొత్తపేట మీదుగా వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ముగుస్తుంది. పడకుండా చేరితే చాలు, కప్పు అతనిదే.

పడకుండా. ఆ మాటే పొద్దున్నుంచి శ్రీకళను నిలవనివ్వడం లేదు.

బాలరాజే ఆమెను కొత్తపేట పాత మార్కెట్ మలుపు దాకా స్కూటీ మీద ఎక్కించుకొచ్చాడు. శిబిరం నుంచి ఎప్పుడో తిరిగొచ్చేశాడు; ఇప్పుడతనికి బడంగ్‌పేట్‌లో టైల్స్ దుకాణం.

“దిల్‌సుఖ్‌నగర్ పోదాం రా అమ్మా. కప్పు ఇచ్చే కాడ నిలబడొచ్చు.”

“నేనీడనే ఉంట బిడ్డా.”

“ఈడ ఏం కనబడ్తది? మెట్రో పిల్లర్లు కనబడ్తయి.”

వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. “గింతసేపు రోడ్డు బంద్ పెడితే ఆఫీసుకు ఎట్ల పోవాలె?”

“సైకిల్ మీద పో అన్నా. ఇయ్యాల గాళ్లకే రోడ్డు ఖాళీ!” అన్నాడు బాలరాజ్. జనం గొల్లుమన్నారు. శ్రీకళకు నవ్వు రాలేదు.

పక్కన ఒక పెద్దాయన ఫోన్‌లో రేసు చూస్తున్నాడు. మల్లికార్జునరావు అని, విజయవాడ నుంచి వచ్చి స్థిరపడ్డాడట. “ఎల్బీ నగర్ దాటారండీ!” అని అరిచాడు. “చూడండి, గుంపంతా నెమ్మదించింది. శైలేందర్ని ఒక్కణ్ణే ముందుకెళ్లమంటున్నారు.”

“ఎందుకు?” అంది శ్రీకళ.

“అది వాళ్ల మర్యాదండీ. ఎవరి ఊరు వస్తే వాళ్లని ముందు పోనిస్తారు. మనవాళ్లకి చెయ్యి ఊపుకుంటూ వెళ్తాడన్నమాట.”

చెయ్యి ఊపుకుంటూ. ఒంటి చేత్తో. అదే మలుపులో. మళ్లీ ముందున్నది ఆ పిల్లవాడే.

శ్రీకళ జనాన్ని తోసుకుంటూ వెనక్కి నడిచింది.

“యాడికమ్మా? ఇప్పుడే వస్తడు!” బాలరాజ్ కేక వేశాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

గుడి వెనక గల్లీలోనే ఉంది. బయట బండి మీద ఐదు కాయలు తీసుకుంది. లోపల కొత్తగా వచ్చిన పూజారి తప్ప ఎవరూ లేరు.

“అందరు రేసు చూడవోయిన్రు. నువ్వొక్కదానివే వచ్చినవేందమ్మా?”

“మొక్కున్నది అయ్యగారూ. పాతది.”

“పాతదైతే ఏంది? స్వామి వడ్డీ అడగడు,” అని నవ్వాడాయన.

ఆమె కాయలు కొట్టే రాయి ముందు కూర్చుంది. మొదటి కాయ చేతిలోకి తీసుకుంది. ‘పడేసింది నువ్వో తొక్కో నాకు తెల్వది స్వామీ. అడిగిన పాపం మాత్రం నాది. నీ బాకీ తీసుకో. వాన్ని... ఆ పిల్లగాన్ని నిలబెట్టు.’

ఒక్కో కాయ పగులుతోంది. ఐదోది పగిలేసరికి మెయిన్ రోడ్డు మీద అరుపులు లేచాయి. “శైలూ! శైలూ!” ఆ కేక మలుపు దగ్గర ఆగలేదు. చైతన్యపురి వైపు సాగిపోయింది.

శ్రీకళ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పూజారి చిప్పలు పళ్లెంలో సర్దుతూ అడిగాడు. “అర్చన ఎవరి పేరు మీద చెయ్యాలె?”

“శైలేందర్.”

“గా రేసు పిల్లగాడా! నీకేమైతడు?”

“నా కొడుకు అయ్యగారూ,” అంది శ్రీకళ, “గెలిస్తే నన్ను ఇడిసి పోతడని మొక్కిన.”