వేలి మీద అంకె

“తొంభై అయిదు ఉందమ్మా. తొంభై రెండు లోపుంటేనే బెడ్డు. ఇంటికి తీసుకెళ్ళు,” అంటూ నర్సు ముసలాయన వేలికున్న ఆక్సిజన్ క్లిప్పు లాగేసింది. వెనక మాస్కుల క్యూ తోసుకొస్తోంది.

“ఊపిరి నీ మిషన్‌కి ఆడుతోందేమో తల్లీ, మా ఆయనకి ఆడట్లేదు!” ముసలమ్మది ఉడుంపట్టు.

ఆ పోరు పడలేక నర్సు డాక్టరమ్మను పిలిచింది. రక్తం తీసి పరీక్షిస్తే ఎనభై నాలుగే ఉంది.

“మిషన్ పాడయిందా మేడమ్?”

“పాడవలేదు. తెల్లటి వేళ్ళ మీద సరిచూసి చేసినవి ఇవి. నల్లటి చర్మం మీద ఒక్కోసారి ఎక్కువ చూపిస్తాయి. ముందు బెడ్డు చూడు!”

స్ట్రెచర్ కదిలింది. గండం గడిచిందని నర్సు ఊపిరి పీల్చుకుంది. ముసలమ్మ మాత్రం కదల్లేదు.

“పొద్దున మా మరిదికీ ఇదే పెట్టావు తల్లీ. బాగుందన్నావని నీకు దణ్ణం పెట్టి ఇంటికెళ్ళిపోయాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే రంగు.”