కొత్త జాతికి ఒక్క ఆడమిడత

"మగదాన్ని మాత్రమే చూపించి కొత్త జాతి అంటే నవ్వుతారు. ఆడదాన్ని కూడా పట్టుకురా," అన్నాడు రాజధాని బిష్కెక్ నుంచి ప్రొఫెసర్, ఫోనులో. కుర్చీలో కూర్చున్నవాళ్ళకు కొండలన్నీ ఒకే ఎత్తు.

ఇక్కడ మాత్రమే బతికే మిడత జాతి పేరు అచ్చయితే ఈ అక్రోటు అడవి మీద గొడ్డలి పడదు. ఇరవై రోజులు కొండవాలంతా వెతికాను. కొమ్మల్లో మగ మిడతలు పాడుతూనే ఉన్నాయి. గడ్డిలో గుడ్లు పెట్టే ఆడది, తోకన కొడవలి లాంటి ముల్లున్నది, కనబడలేదు. నా వర్ణనలో దాని పేరా ఖాళీ. రేపే తిరుగు ప్రయాణం.

నాకు తన ఇంట్లో చోటిచ్చిన పెద్దావిడ సాల్కిన్ అపా వీడ్కోలు విందుకు టర్కీకోడిని కోసింది.

"మొహం మాడ్చుకుంటావేం బాబూ? గడ్డిలో ఒక్క పురుగైనా మిగిలిందా?"

"మిగలకపోవడమేంటి అపా?"

"పురుగుల పని మీద వచ్చానన్నావుగా. ఏటా వచ్చేవాళ్ళు పురుగుమందు కొట్టిపోతారు. నీ చేతిలో మందు డబ్బా కూడా లేదు. జాలేసి, రోజూ నీకంటే ముందే నా కోళ్ళను అటు తోలాను."

ఆమె కోడి గొంతు కింది మేత తిత్తి చీల్చింది. నాలుగు కొడవలి ముళ్ళు బయటపడ్డాయి. ఒకదానికి మిడత ఒళ్ళూ తలా ఇంకా అతుక్కునే ఉన్నాయి. నేను మోకాళ్ళ మీద వంగి పట్టకారుతో వాటిని ఏరసాగాను.

"అవంటే అంత ఇష్టమని ముందే చెప్పొద్దూ," అంది అపా, కత్తి తుడుస్తూ. "ఇంకా పదకొండు కోళ్ళున్నాయి."