నవాబుగారి వేటకుక్క

కుందేలును నోట కరుచుకొచ్చి ఏడాది వయసు కుక్క దొర కాళ్ల దగ్గర వదిలింది. దానికి వేట నేర్పిన గొర్ల కాపరి ఐలేశం ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏం జాతి?" వేట చూడవచ్చిన తహసీల్దారు అడిగాడు.

"తల్లి మాదే సార్. తండ్రి హైదరాబాదుల నవాబు తాన ఉన్న సీమకుక్క. వేట దీని నెత్తుర్లనే ఉన్నది," అన్నాడు దొర.

అంతలో గొర్ల మంద వైపు నుంచి ఐలేశం నాటుకుక్క వచ్చింది. రెండింటికీ మెడ మీద అదే తెల్లమచ్చ, అదే వంకర తోక. ఏడాది కుక్క ఉరికిపోయి దాని మూతి నాకింది.

ఐలేశం గబుక్కున దొర వైపు చూశాడు. దొర తన ఆడకుక్క దరిదాపుల్లోకి నాటుకుక్క వస్తే కాల్చేస్తానని ఊళ్లో చాటింపు వేయించాడు. తుపాకీ ఆయన భుజాననే ఉంది.

తహసీల్దారు రెండు కుక్కలనూ మార్చి మార్చి చూశాడు. "మరి ఇదెవరిది?"

దొర చేయి తుపాకీ మీదికి పోయి, అక్కడే ఆగింది.

"గదే సార్, నవాబు కుక్క. సాకమని ఐలేశానికి ఇచ్చిన."

"ఎన్నాళ్ల నుంచి సాకుతున్నావయ్యా?"

ఐలేశం చేతులు కట్టుకున్నాడు.

"దొర గిప్పుడు చెప్పిన కాడికెల్లి, సారూ."