పగటి యూనిట్లు

"కొత్త మీటరుకి దరఖాస్తు పెట్టేశాను!" అన్నాడు పైరోజ్ ఇంట్లోకి వస్తూనే.

అన్నం వడ్డిస్తున్న భార్య రచనీ చేతిలో గరిటె ఆగింది.

"పాతదే ఉండనివ్వండి. ఇప్పుడేం మునిగిందని?"

"మునగడమేంటి, తేలతాం! రాత్రి పది దాటితే కరెంటు సగం ధరకే. మన కారుకి రాత్రేగా ఛార్జింగు పెట్టేది? పగలు కాస్త ఎక్కువేస్తారట. వేసుకోనీ! పగలు ఇంట్లో ఎవరుంటాం? నేను గోదాముకి, నువ్వు ఫ్యాక్టరీకి."

"నేనుంటాగా నాయనా," అంది లమయ్, పెరటి గుమ్మంలో కూర్చుని పచ్చి బొప్పాయి పచ్చడి దంచుతూ.

ఆమె పైగదిలో అద్దెకుంటోంది. బట్టలు కుట్టుకుని బతికే ఒంటరి మనిషి. రచనీయే ఎక్కణ్ణుంచో మాట్లాడి తీసుకొచ్చింది. కరెంటు ఖర్చు అద్దెలోనే కలిపేశారు.

"మీ కుట్టుమిషను ఏపాటి తాగుతుంది పెద్దమ్మా?"

"కారుకి రాత్రి కావాలి. మనుషులకి పగలు కావాలి. నా మాట విని పాత మీటరే ఉంచు."

"ఇంకా నయం, కారు కూడా మిమ్మల్నడిగి కొనాల్సింది!" అని నవ్వాడు పైరోజ్.

రచనీ నవ్వలేదు.

కొత్త మీటరు వచ్చింది. నెల తిరిగి బిల్లూ వచ్చింది. రాత్రి లెక్క అతను అనుకున్నట్టే ఉంది. పగటి లెక్క చూసేసరికి కళ్లు తిరిగాయి.

అప్పట్నించి అతనికి కుదురు లేదు. ఫ్రిజ్‌కి చెవి ఆనించి వినేవాడు. నీళ్ల మోటారు ప్లగ్గు పీకి చూసేవాడు. గోదాములో పెట్టెలు సర్దిస్తున్నా బుర్రలో మీటరే తిరిగేది. కంచం ముందు కూర్చుని కూడా సగంలో లేచి స్విచ్చులు చూసొచ్చేవాడు.

"ఖాళీ కొంపలో కరెంటెవరు తాగుతున్నారు?" అన్నాడు రచనీతో.

"ఏమో. పాత ఫ్రిజ్ కదా," అంది ఆమె తల ఎత్తకుండా.

పైరోజ్ మేడమెట్లెక్కాడు. వెనకే రచనీ వచ్చింది.

లమయ్ గదిలో కుట్టుమిషన్లు రెండున్నాయి.

"పగలంతా ఏసీ వేస్తున్నారా?"

"వేస్తున్నాను."

"ఒక్క మనిషికి అంత చల్లదనం కావాలా?"

"ముసలి ఒళ్లు నాయనా. ఉక్కపోత పడదు."

"మరి ఈ రెండో మిషనెవరిది?"

"పెద్దమ్మా..." అంది రచనీ.

"రెండూ నావే," అంది లమయ్ వెంటనే. "ఒకటి మొరాయిస్తే ఇంకోటి."

"చెప్పకుండా వాడుకోవడాన్ని ఏమంటారో తెలుసా?"

"తెలుసు."

ఆ నింపాదితనానికి అతనికి ఇంకా మండింది.

"ఈ నెలాఖరుకి వేరే గది చూసుకోండి!"

లమయ్ తలూపింది. వెళ్లే రోజు ఒక మిషనే ఆటోలోకి ఎక్కించింది. "రెండోది నేను మొయ్యలేను, ఇక్కడే పడుండనీ," అంది. రచనీ పెరట్లోకి వెళ్లిపోయింది. ఆటో కదిలేదాకా బయటికి రాలేదు.

ఇక పీడ వదిలిందనుకున్నాడు పైరోజ్.

తరవాతి బిల్లులో పగటి లెక్క తగ్గింది. కానీ పోలేదు.

వారం మధ్యలో, మధ్యాహ్నం పూట, చెప్పకుండా ఇంటికొచ్చాడు. ఎలాగైనా దొంగను పట్టాలి.

పైనుంచి కుట్టుమిషను చప్పుడు.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కి తలుపు తోశాడు. ఏసీ ఆపేసి ఉంది. గది కొలిమిలా ఉంది. మిషను ముందు చెమటతో తడిసి ముద్దయి రచనీ కూర్చుంది. ఆమె ఫ్యాక్టరీ చొక్కా మేకుకి వేలాడుతోంది.

"సెలవా?" అన్నాడు, ఏం అడగాలో తెలియక.

"ఫ్యాక్టరీ మూసేశారు. వానలు మొదలైనప్పుడే."

"అప్పుడా! ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"మేం చేసే కార్ల పొగ గొట్టాలతో ఇంక పని లేదన్నారు, అందరూ కరెంటు కార్లు కొంటున్నారని. ఆ సాయంత్రమే మీరు కారుకి బయానా కట్టి, వీధంతా చెప్పొచ్చారు. ఏ మొహంతో చెప్పను?"

పైరోజ్ గుమ్మం పట్టుకున్నాడు.

"మరి నెలనెలా జీతం..."

"కుట్టుకూలి. మొదట్లో పెద్దమ్మే సర్దింది."

"అసలెవరావిడ?"

"నాకూ తెలీదు. పొద్దున్నే ఆ చొక్కా వేసుకెళ్లి సాయంత్రం దాకా మార్కెట్లో బెంచీ మీద కూర్చునేదాన్ని. అక్కడ ఆవిడ కుట్టు కొట్టుండేది. ఒకరోజు వచ్చి పక్కన కూర్చుంది. 'నా కొట్టు ఖాళీ చేయించారు, మీ ఇంట్లో గదుంటే ఇవ్వు, బదులుగా పని నేర్పుతా' అంది. మీరు ఆవిణ్ణి నిలదీసిన రోజు నిజం చెప్పబోతే కళ్లతోనే ఆపేసింది. నేనూ... ఆగిపోయాను."

పైరోజ్ లమయ్‌కి ఫోన్ చేశాడు. ఆ నంబరు పనిచెయ్యడం లేదు.

నిలవలేక కారు తీసుకుని ఒక్కడే మార్కెట్‌కి వెళ్లాడు. రచనీ చెప్పిన చోట ఎవరో చెప్పులమ్ముతున్నారు. పక్కనే చేపలు కోస్తున్న ఆమెను అడిగాడు.

"లమయ్ అక్కా? మొన్నామధ్య మిషను అమ్మేసి ఎటో వెళ్లిపోయింది. ఏ ఊరో చెప్పలేదు."

"ఈ కొట్టు ఆవిడ చేత ఎవరు ఖాళీ చేయించారు?"

"ఖాళీ చేయించడమేంటయ్యా!" అని కత్తి పక్కన పెట్టింది ఆమె. "ఊపిరి సలపనంత బేరం ఉండేది. తనే వదిలేసింది. ఆ బెంచీ మీద ఫ్యాక్టరీ చొక్కాలో ఓ పిల్ల రోజూ కళ్లు తుడుచుకుంటూ కూర్చునేది. దానికి పని నేర్పి, ఓ దారి చూపించాలంది. 'నీకేమవుతుందే ఆ పిల్ల?' అనడిగాను. 'ఏమో, ఇంకా పేరైనా అడగలేదు' అంది."