పడవ సామాను

“చిత్రిక కనబడటం లేదే,” అన్నారు డ్రాయింగు మాస్టారు, హాల్లో టేకు పలకల మధ్య నిలబడి.

“మీ సామాను సంగతి నాకేం తెలుసండీ?” అంది భార్య, వంటింట్లోంచి తల బయట పెట్టకుండానే. చెక్కను నున్నగా గీసే ఆ చిత్రిక అటక మీద పాత పరుపుచుట్టలో, ఆమె స్వహస్తాలతో పెట్టిన చోటే క్షేమంగా ఉంది.

రిటైరైన రోజు సన్మానసభలో మైకు అందగానే మాస్టారికి పూనకం వచ్చింది. ఇంట్లోనే సొంతంగా చెక్క పడవ కట్టి, ఊరి చెరువును ఒంటరిగా దాటేస్తానని ప్రకటించేశారు. చప్పట్లు మారుమోగాయి. ఆమె మాత్రం చప్పట్లు కొట్టలేదు.

“మీకు ఈత రాదు కదండీ!” అంది ఇంటికొచ్చాక.

“ఈత వచ్చినవాడికి పడవెందుకే?” అన్నారాయన.

అంతే, మర్నాటి నుంచి ఇల్లు కలప అడితి అయిపోయింది. పలకలు, రంపం, ఉలి, తుప్పు పట్టని ఇత్తడి మరలు, నీళ్ళకు ఊడని జిగురు, సందులు పూడ్చే తారు. మొగుడికి ఎదురు చెప్పే అలవాటు ఆమెకు లేక కాదు, వినే అలవాటు ఆయనకు లేదు. అందుకే నోరు కట్టేసుకుని చేతులకు పని చెప్పింది. మొదట చిత్రిక, తర్వాత మరల పొట్లం, ఆ తర్వాత పలకల్ని బిగించే క్లాంపులు అటకెక్కాయి. జిగురు డబ్బా జోలికి ఆమె వెళ్ళనేలేదు, అది తనంతట తనే ఎటో పోయింది. ఆయన మతిమరుపుకు మనసులోనే దండం పెట్టుకుంది.

కళ్ళజోడు కనబడకపోతే ఇల్లు పీకి పందిరేసే మనిషి, ఇప్పుడు మాత్రం నోరెత్తేవారు కాదు. “పోతే పోయిందిలే. మంచి సరుకు దొరికాక కొందాం. పడవంటే మాటలా?” అంటూ పడక్కుర్చీలో వాలిపోయేవారు. ఆ ఓర్పు చూసి ఆమెకు జాలేసేది.

ఒక ఆదివారం ఆమె తమ్ముడొచ్చాడు. వస్తూనే పలకల మీద దుమ్ము ఉఫ్‌మని ఊదాడు.

“ఏం బావగారూ, చెరువెండాక దింపుతారా పడవని?”

“సామాను కుదరాలి కదయ్యా,” అన్నారు మాస్టారు నేల చూపులు చూస్తూ.

“బయట మీకు కోతలరాయుడని పేరు పెట్టేశారండీ బాబూ!”

ఆమెకు మనసు చివుక్కుమంది. మనిషి దక్కాలని తాను చూసుకుంటే ఆయన పరువు పోయింది. గబగబా స్టూలెక్కి, అటక మీదవన్నీ దింపి ఆయన ముందు పెట్టింది.

“నేనే దాచానండీ. మీకేమన్నా అయితే నా గతేమిటని భయపడ్డాను. ఇంక అడ్డు రాను, కట్టుకోండి,” అంది కళ్ళు తుడుచుకుంటూ.

మాస్టారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. “నువ్వా!” అన్నారు.

“అక్కని ఏమీ అనకండి బావగారూ,” అన్నాడు తమ్ముడు చొక్కా చేతులు మడుస్తూ. “అన్నీ దొరికాయిగా, ఇప్పుడే మొదలెడదాం. నేనూ ఓ చెయ్యేస్తాను.”

మాస్టారు చిత్రికను గుండెలకు హత్తుకుని, పడగ్గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

కట్టుకున్నదే మోసం చేసిందని కుమిలిపోతున్నారేమోనని ఆమె ప్రాణం ఉసూరుమంది. కాళ్ళు పట్టుకునైనా బతిమాలుకుందామని వెనకాలే వెళ్ళి తలుపు తోసింది.

ఆయన మంచం కిందికి వంగి, చిత్రికను జిగురు డబ్బా పక్కన దాస్తున్నారు.